దూదిలోంచి తీసిన గాలిబొమ్మ

పరుపుల కొట్టున్న మనిషి చచ్చిపోతే ఇంట్లో దూదికి కరువా? అయినా ఆ రోజు మా ఇంట్లో దూది కోసం వెతుకులాడారు. మా ఆయన సిలార్‌ను వరండాలో బల్ల మీద పడుకోబెట్టారు. కడసారి స్నానం చేయించే పెద్దవాళ్లు వచ్చి కూర్చున్నారు. ఒంటికి చుట్టే కఫన్ గుడ్డ వచ్చింది, అత్తరు వచ్చింది, కర్పూరం వచ్చింది. దూది ఏదమ్మా అని ఎవరో అడిగారు. కొట్టు తాళాలేమో ఆయన చొక్కా జేబులో ఉండిపోయాయి, ఆ చొక్కాను ఆసుపత్రిలో ఎక్కడ విప్పి పడేశారో ఎవరికీ తెలీదు. కొట్లో పనిచేసే ఖాదర్ వలి గబగబా మా వెనకగదిలోకి వెళ్లి, అక్కడున్న ఒకే ఒక్క దూది మూటను విప్పి, లోపలికి చెయ్యి పెట్టి గుప్పెడు లాగాడు. దూదితో పాటు ఒక చెక్క మనిషి బయటికొచ్చాడు.

గుమ్మంలో కూర్చుని గుండెలు బాదుకుంటున్నదాన్ని ఆ బొమ్మను చూడగానే ఏడుపు ఆపేశాను.

"ఒరేయ్, దాన్ని తియ్యకురా! లోపల పెట్టెయ్, గాలి తగలనియ్యకు!" అని అరిచాను.

చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా నావైపు చూశారు. మొగుడు బల్ల మీదుంటే దీనికి బొమ్మల గోలేంటి అనుకునే ఉంటారు. ఖాదర్ వలికి నా మాట ఎక్కలేదు. ఇంకో గుప్పెడు లాగితే ఆడబొమ్మ కూడా బయటపడింది. రెండింటినీ మంచం కిందికి తోసేసి, చేతి నిండా దూది పట్టుకుని వరండాలోకి పరిగెత్తాడు. ఆయన ముక్కులో, చెవుల్లో పెట్టింది ఆ దూదే. ఆయన ఏకిన దూదే.

మాది పర్చూరు. సెంటర్లో పరుపుల కొట్టు. పగలంతా పరుపులు కుట్టి, సాయంత్రం ఇంటికొచ్చి గాలిబొమ్మలు చెయ్యడం ఆయన సరదా. చెక్కతో మనిషిని చెక్కి, చేతులు విడిగా బిగించి, సైకిలు పుల్ల వంచి కడ్డీ చేసి, దానికి రెక్కల చక్రం తగిలించేవాడు. గాలికి చక్రం తిరిగితే చెక్క మనిషి పనిలో పడతాడు. మిరపకాయలు కోసే పున్నమ్మ, గడ్డాలు గీసే మంగలి, ట్రాక్టరు హ్యాండిల్ తిప్పే డ్రైవరు, ఇలా మా ఊళ్లో సగం మంది మా ఊరి డాబాల మీదే తిరుగుతుంటారు. ఒక్కటీ అమ్మలేదు. ఎవరి బొమ్మ వాళ్లకే ఇచ్చేసేవాడు. చెక్కడం ఆయనది, రంగులు నావి. పిల్లలు లేరా అంటారేమో, లేరు. ఆ ముచ్చట ఊరంతా అడిగేసింది గనక మీకు ఆ శ్రమ అక్కర్లేదు.

ఆయన వాడేది పచ్చి వేపచెక్క. చెక్కడానికి మెత్తగా ఉంటుంది గానీ, చెక్కాక మాత్రం పరమ మొండిది. ఎండలో పెడితే పగులుతుంది, నీడలో పెట్టినా మా వైపు పడమటి గాలికి పగులుతుంది. అందుకని ఆయన ఒక ఉపాయం కనిపెట్టాడు. కొత్తగా ఏకిన దూదిలో బొమ్మను పాతిపెట్టి, మూట కట్టి చీకటి గదిలో పడేసేవాడు. దూది తేమను మెల్లగా పీల్చుకుంటుంది, గాలిని దరికి రానివ్వదు. చెక్క ఆరిందీ లేందీ వేలితో కొట్టి వినేవాడు. సరేననుకున్నాక బయటికి తీసిన పూటే నేను తెల్లరంగు పూత పూసెయ్యాలి. దూదేకుల ఇంట్లో పుట్టినవాడికి గానీ ఆ ఆలోచన రాదు.

ఆ చలికాలం ఆయనకు కొత్త బుద్ధి పుట్టింది.

"ఈసారి మనిద్దర్నీ చేస్తానే. నేను విల్లు పట్టుకుని దూది ఏకుతుంటా, నువ్వు ఎదురుగా కూర్చుని పోగేస్తుంటావు" అన్నాడు.

"ఆహా, పెద్ద అందగాళ్లమని! కాకులు కూడా వాలవు" అన్నాను.

"కాకులు వాలకపోతే మరీ మంచిది, రంగు పాడవదు" అన్నాడు.

ఆ బొమ్మలే మూటలో ఉన్నాయి. తియ్యడానికి ఇంకా చాలా రోజులుంది. ఈలోగా మాఘం వెళ్లింది, కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరుచుకున్నాయి, ఒక మధ్యాహ్నం కొట్లో కూర్చున్న మనిషి గుండె పట్టుకుని పక్కకు ఒరిగిపోయాడు. గుంటూరు దాకా కూడా వెళ్లలేదు ఆటో, దారిలో చిలకలూరిపేట ఆసుపత్రిలోనే ప్రాణం పోయింది.

*

మా ఆడబిడ్డ మాబూబీ, ఆయనకు స్వయానా అక్క, మూడో రోజు ఫాతెహా చదివించడం అయ్యాక ఊరికి వెళ్లకుండా నాకు తోడుగా ఉండిపోయింది. మొగుడు పోయిన ఆడది ఇద్దత్ పాటించాలి. నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు, సింగారించుకోకూడదు, పరాయి మగవాళ్ల ఎదుట పడకూడదు. వదిన ఎప్పుడో వయసులోనే మొగుణ్ణి పోగొట్టుకుంది. ఇద్దత్ అంటే ఏంటో తనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదని ఆమె నమ్మకం. నా నమ్మకం కూడా అదే అనుకోండి.

జనం పలచబడగానే నేను మంచం కింద నుంచి బొమ్మలు తీశాను. వేలితో కొట్టి చూశాను. మొద్దు చప్పుడు. లోపల ఇంకా పచ్చిగానే ఉన్నాయి. అటక మీద నుంచి రంగు డబ్బాలు దింపుతుంటే వదిన వంటింట్లోంచి వచ్చింది.

"ఏం చేస్తున్నావే కరీమూ?"

"పూత పూద్దామని వదినా. దూదిలోంచి తీసేశారు గదా, ఇట్టాగే ఉంటే పగిలిపోతాయి."

"ఇద్దత్‌లో రంగులు ముట్టుకుంటావా? నీకేమన్నా మతి పోయిందా?"

"నా ఒంటికి కాదు గదా, చెక్కకు."

"చేతికి అంటదూ?" అని డబ్బాలు నా చేతిలోంచి లాక్కుంది. "నా ఇద్దత్‌లో మా అత్త నన్ను కల్లంలోకి రానివ్వలేదే. మిరపకాయలు ఎర్రగా ఉంటాయంట, ముట్టుకోకూడదంట. ఆ ఏడు నాలుగు నెలలూ పచ్చిమిర్చి కారమే తిన్నా. మనం తప్పు చేస్తే అవతల ఆయనకు చుట్టుకుంటదంట. నీకేం, నువ్వు బాగానే ఉంటావు. వాడికి అక్కడ కష్టం రాకూడదు గదా."

తమ్ముడికి అక్కడ కష్టం రాకూడదని ఆమె బాధ.

"పోనీ తెల్లరంగేలే వదినా" అన్నాను.

"తెలుపు మాత్రం రంగు కాదా?"

"నూనె రాస్తాను పోనీ."

"ఇయ్యాల చెక్కకు రాస్తావు, రేపు జడకు రాస్తావు. నూనె కూరలోకే" అంది. రంగు డబ్బాలు తీసుకెళ్లి తన ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసింది.

రెండు రోజులు పోయాక తనే మెత్తబడి, "ఖాదర్ వలికి చెప్పి వేయిద్దామా? బోర్డులు రాసే మనిషి ఉన్నాడంట, తీసుకొస్తానన్నాడు" అంది.

"అవసరం లేదు" అన్నాను.

"మరి పగిలిపోతాయంటివి?"

"పగిలితే పగలనీ. ఆయన చెక్కినదాని మీద ఇంకొకళ్ల చెయ్యి పడటానికి వీల్లేదు."

అదీ నా మొండితనం. ఇరవై ఏళ్లకు పైగా ఆయన చేతిలోంచి నా చేతిలోకే వచ్చాయి బొమ్మలు. ఆఖరి బొమ్మ, అందులోనూ మా ఇద్దరి బొమ్మ, ఎవడో సినిమా పోస్టరులాగా పులిమి పోతుంటే గదిలో కూర్చుని చూస్తూ ఉండాలా? ఇద్దత్ అయ్యేదాకా వాటిని ఎలాగోలా కాపాడుకుంటాను, అయిన మర్నాడే నా చేత్తో రంగు వేస్తాను అనుకున్నాను. ఆ నాలుగు నెలలు నన్ను బతికించిన ఆలోచన అదొక్కటే.

మళ్లీ దూదిలో పెడదామంటే దూదేది? కొట్టు ఖాళీ చెయ్యమని అద్దెకిచ్చినవాళ్లు తొందరపెడితే ఖాదర్ వలి తాళం పగలగొట్టి సరుకంతా చిలకలూరిపేట వ్యాపారికి అప్పజెప్పేశాడు. మూటలో మిగిలింది జనాజా రోజునే అయిపోయింది. ఒకరోజు వదిన మధ్యాహ్నం జోహర్ నమాజుకు కూర్చున్నప్పుడు కత్తిపీట తీసుకుని మా మంచం మీద పరుపు అడ్డంగా కోసేశాను.

నమాజు చివర సలాం తిప్పి ఇటు చూసిన వదిన కెవ్వుమంది. "ఓ యల్లా! పరుపు కోశావేంటే?"

"చాప మీద పడుకుంటున్నాగా. పరుపెందుకు?"

"వాడు పెళ్లికి కుట్టుకున్న పరుపే అది!"

"తెలుసు" అన్నాను. తెలియకపోవడమేంటి, దాని మీద ఇన్నేళ్లు పడుకున్నదాన్ని.

ఆ దూది ముద్దలు ముద్దలుగా అట్టకట్టుకుపోయి ఉంది. వేళ్లతో విప్పాను, చేటలో వేసి కొట్టాను, అయినా విచ్చుకోదు. ఏకిన దూదిలో ఉండే గుల్లతనం మనిషి వేళ్లకు రాదు. వదిన కాసేపు చూసి చూసి, ఏమీ అనకుండా వచ్చి నా పక్కన కూర్చుని తనూ విప్పడం మొదలుపెట్టింది. ఇద్దరం సాయంత్రం దాకా విప్పాం. విప్పిందాంట్లో బొమ్మల్ని పడుకోబెట్టి, నా పాత చీరతో చుట్టాను. రోజూ పొద్దున లేచి మూట విప్పకుండానే పైనుంచి తడిమి చూసేదాన్ని. ఆయన వీపు ఎక్కడుందో, నా తల ఎక్కడుందో చేతికి తెలిసిపోయేది.

వైశాఖం వచ్చింది. కల్లాలు ఖాళీ అయ్యాయి. మిర్చి నింపిన టిక్కీ బస్తాలు లారీలెక్కి గుంటూరు యార్డుకు వెళ్లిపోయాయి. వీధిలో ఘాటు తగ్గి వడగాలి మొదలైంది. ఎదురింటి డాబా మీద పున్నమ్మ బొమ్మ ఆగకుండా మిరపకాయలు కోస్తూనే ఉంది. కిటికీలోంచి నాకు కనపడేది అదొక్కటే. ఎంత కోసినా పాపం దాని బుట్ట నిండదు.

*

రోహిణి కార్తెలో ఒక మధ్యాహ్నం. కరెంటు లేదు. వదిన కొంగుతో విసురుకుంటూ గోడకు ఆనుకుని కునుకు తీస్తోంది. మూటలోంచి టప్పుమని చప్పుడైంది. ఎండుకాయ పగిలినంత చప్పుడు, అంతే. అయినా నాకు తెలిసిపోయింది.

విప్పి చూశాను. ఆడబొమ్మకు ఏమీ కాలేదు. మగబొమ్మకు భుజం దగ్గర మొదలై వీపు మీదుగా నడుం దాకా పగులిచ్చింది. వేలు దూరేంత.

నేను ఏడిచాను. ఆయన పోయినరోజు ఏడిచింది ఒక ఏడుపు కాదు. ఆ రోజు జనం ఉన్నారు, ఎవరో ఒకరు పట్టుకునేవాళ్లు, ఎవరో నీళ్లు తాగించేవాళ్లు. ఇప్పుడు ఆ చెక్కను ఒళ్లో పెట్టుకుని, నేల మీద దొర్లి, ఇంటి కప్పు ఎగిరిపోయేట్టు ఏడిచాను. ఎదురింటివాళ్లు గేటు దాకా పరిగెత్తుకొచ్చారు. వదిన నన్ను పట్టుకోబోతే చెయ్యి విదిలించి కొట్టాను.

"నువ్వే చంపావు! రెండోసారి నువ్వే చంపావు!" అన్నాను.

ఆ మాట అనకూడదు. అన్నాను. కోపం వచ్చింది మరి, అంత కోపం ఆయన్ను తీసుకుపోయిన దేవుడి మీద కూడా రాలేదు.

వదిన బొమ్మ వంకే చూస్తూ నిలబడింది. వంగి, ఆ పగుల్లోకి చూపుడువేలు పెట్టి పైనుంచి కిందిదాకా మెల్లగా జరిపింది. తర్వాత లోపలికెళ్లి, బురఖా వేసుకుని, మిట్టమధ్యాహ్నం ఎండలో గేటు తీసుకుని బయటికి వెళ్లిపోయింది. అలిగి ఊరికి బస్సెక్కుతుందనుకున్నాను. పోతే పోనీ అనుకున్నాను.

సాయంత్రం అసర్ అజాన్ అయిన కాసేపటికి తిరిగొచ్చింది. గుమ్మంలోనే నిలబడిపోయింది. మొహం ఎండకు నల్లబడి ఉంది.

"ఎక్కడికి పోయావు?" అన్నాను.

"మసీదు హజరత్ గారి ఇంటికి పోయి, వాళ్లావిడ చేత అడిగించా."

"ఏమని?"

"ఇద్దత్‌లో ఉన్న మనిషి చెక్కకు రంగు వెయ్యొచ్చా అని."

నేను లేచి కూర్చున్నాను.

"ఏమన్నారు?"

వదిన బురఖా విప్పి, మడిచి, కొక్కేనికి తగిలించింది. అది జారి కింద పడితే తీసి మళ్లీ తగిలించింది.

"ఒంటికి సింగారం వద్దన్నారు గానీ ఇంట్లో చేసుకునే పని వద్దనలేదమ్మా, చెక్కకు రంగేస్తే ఆవిడ సింగారించుకున్నట్టు ఎట్టా అవుతుంది, అన్నారంట. ఇంత చిన్నమాట మొదట్లోనే అడిగితే పోయేదిగా, అన్నారంట."

నేను పగిలిన బొమ్మను దగ్గరికి లాక్కున్నాను.

"మిరపకాయల సంగతి కూడా అడిగానే" అంది వదిన. "నవ్వారంట."

నవ్వారన్న ముక్క చెప్పి కింద కూర్చుండిపోయింది. ఎప్పుడో వయసులో ఉన్నప్పుడు, మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి, నాలుగు నెలలు ఎర్రకారం లేకుండా తిన్నది దేవుడికని, మొగుడికని. అది ఎవరికీ కాదట, ఒక ముసలామెకు తోచిన మాటట. తన ఇద్దత్ కోసం, నా బొమ్మ కోసం ఒకేసారి ఏడవాల్సొచ్చింది ఆమెకు. తిడదామని లేచినదాన్ని గ్లాసుడు నీళ్లు ముంచి ఇచ్చాను.

వదిన తన ట్రంకుపెట్టె తాళం తీసి, రంగు డబ్బాలు ఒక్కొక్కటే తెచ్చి నా ముందు పెట్టింది.

*

పగులును లప్పం పెట్టి పూడ్చాను. అది వదినే కలిపింది, చపాతీ పిండిలాగా తెగ మర్దించి. తెల్లపూత పూశాను. ఆరాక ఆయనకు గళ్ల లుంగీ వేశాను, బనీను వేశాను. ఆడబొమ్మ చీర దగ్గర చెయ్యి ఆగింది.

"ఏ రంగు వెయ్యను?"

"ఎరుపే వెయ్యి. మంచి ఎరుపు" అంది వదిన.

వేశాను. గాజులు కూడా వేశాను. ఇక మిగిలింది మగబొమ్మ మొహం. అక్కడ చిక్కొచ్చి పడింది. నేను బొమ్మల శాస్త్రం చదివినదాన్ని కాదు, మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని చూస్తే గానీ నాకు మొహం వెయ్యడం రాదు. పున్నమ్మనైనా, మంగలినైనా అలా పీట మీద కూర్చోబెట్టే వేశాను. ఇప్పుడు ఈయన్ను ఎక్కణ్ణుంచి తెచ్చేది? ఆధార్ కార్డు తీస్తే అందులో ఉన్నది ఎవరో దొంగ. ఫోన్లో చూస్తే అన్నీ బొమ్మల ఫోటోలే. తియ్యడమే గానీ తీయించుకునే అలవాటు లేదు మనిషికి. కళ్లు మూసుకుంటే ఆయన లుంగీ ఎగ్గట్టడం, వేలితో చెక్క కొట్టడం, గుమ్మంలో చెప్పులు విడవడం అన్నీ కనిపిస్తాయి. మొహం మాత్రం నీళ్లలో నీడలాగా కదిలిపోతుంది. నాకు భయమేసింది. ఇంకా నాలుగు నెలలు కూడా కాలేదు, అప్పుడే మర్చిపోతున్నానా?

కుంచె పట్టుకుని అలా ఎంతసేపు కూర్చున్నానో. వదిన గ్లాసుతో టీ తెచ్చి పక్కన పెట్టి, "ఏంటే, ఆగిపోయావు?" అని వంగింది. తలెత్తి చూశాను. ఇన్నాళ్లూ ఆమెను ఆడబిడ్డలాగా చూశానే గానీ మొహం చూడలేదు. అదే చట్టి ముక్కు. ఎడమవైపు కాస్త కిందికి వాలిన అదే కన్ను. ఒక అమ్మ కడుపున పుట్టినవాళ్లు కదా, ఆయన మొహం ఇన్ని నెలలూ నా ఇంట్లోనే తిరుగుతోంది.

"వదినా, అట్టా పీట మీద కూర్చో" అన్నాను.

"ఎందుకు?"

"ఆయన మొహం వెయ్యాలి."

ఆమెకు అర్థమయ్యేదాకా నిలబడింది. అర్థమయ్యాక కొంగుతో మొహమంతా తుడుచుకుని, ఫోటో దిగేదానిలాగా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ముక్కు వేశాను. కనుబొమలు వేశాను. కళ్ల దగ్గరికొచ్చాక, "కొంచెం నవ్వు వదినా. ఆయన ఎప్పుడూ నవ్వు మొహమే గదా" అన్నాను.

నవ్వబోయింది. పెదాలు సాగాయి, వణికాయి. కళ్లల్లోంచి నీళ్లు కారిపోయాయి.

"నాకు చేతకావట్లేదే కరీమూ."

"కాసేపు ఆగుదాంలే."

ఆగాం. టీ చల్లారిపోయింది. కుంచెకున్న రంగు గట్టిపడుతోంది. మళ్లీ నవ్వబోయింది, మళ్లీ అంతే. నోరు వంకరపోయి, గడ్డం అదిరి, చిన్నపిల్లలాగా వెక్కుతోంది. అయినా పీట మీద నుంచి కదల్లేదు, మొహం పక్కకు తిప్పుకోలేదు. తమ్ముడి మొహం పాడైపోతుందని భయం ఆమెకు.

"పోనీ, ఏడువు" అన్నాను.

ఉన్నది ఉన్నట్టే వేశాను.

ఇద్దత్ అయిన రోజు ఖాదర్ వలి డాబా మీద గొట్టం పాతి బొమ్మను బిగించాడు. తొలకరి గాలి, బాగా తిరిగింది. విల్లు ఆడింది, ఎదురుగా ఎర్రచీర మనిషి చెయ్యి ఆడింది. ఇప్పటికీ ఆడుతూనే ఉంది. వీధిలో పోయేవాళ్లు తలెత్తి చూసి, ఇదేంటమ్మా, సిలార్ ఏడుస్తున్నాడు, అతను ఏడవగా మేమెప్పుడూ చూడలేదే అంటుంటారు. నేనూ చూడలేదు, నిజమే.

"నన్నొదిలేసి పోయాడు గదా, ఏడవడా మరి!" అంటాను.

వదిన ప్రతి రంజాన్‌కూ వస్తుంది, నెలరోజులుండి వెళ్తుంది. డాబా మాత్రం ఎక్కదు.